కిడ్నీ మార్పిడి తర్వాత కోనసీమలో తిండి: నా అనుభవం

మాది అంబాజీపేట దగ్గర ఊరు. కొబ్బరి తోటే ఆధారం. నాకు మా అమ్మ కిడ్నీ ఇచ్చింది, ఆపరేషన్ విశాఖలో అయింది, ఇప్పుడు ఇద్దరం బాగున్నాం. ఈమధ్య మా చుట్టుపక్కల ఎవరికి మార్పిడి జరిగినా ఎవరో ఒకరు నా నంబర్ ఇస్తున్నారు. ఫోన్ చేసినవాళ్లు ముందు అడిగేది తిండి గురించే, "ఏం తినొచ్చండి, ఏం తినకూడదండి" అని. ఆస్పత్రిలో ఇచ్చే కాగితం మీద ఎక్కడివో పళ్లు, కూరలు ఉంటాయి కానీ మన పెరట్లో కాసేవాటి సంగతి ఉండదు. అందుకని నాకు తెలిసింది ఇక్కడ రాస్తున్నాను. నేను డాక్టర్ని కాను, నా డోసు మీ డోసు కాదు, నా రిపోర్టు మీ రిపోర్టు కాదు. అయినా ఏ మందుకి ఏ తిండి ఎందుకు పడదో అర్థమైతే డాక్టరు గారిని ఏం అడగాలో తెలుస్తుంది, అసలు అడగాలని కూడా తెలుస్తుంది.

మార్పిడి అయినవాళ్ల ఇంట్లో మొదట తికమక పెట్టేది డయాలసిస్ నాటి నియమాలు తలకిందులు కావడం. డయాలసిస్ రోజుల్లో నాకు రోజుకి లీటరు లోపే నీళ్లు. కూరగాయలు ముక్కలు కోసి, ఉడకబెట్టి, ఆ నీళ్లు వార్చేసి అప్పుడు తాలింపు వేసేది మా ఆవిడ, పొటాషియం పోవాలని. పాలు, పప్పు లెక్కగా పెట్టేది, భాస్వరం పెరగకుండా అన్నంతో పాటు మాత్రలు మింగేవాణ్ణి. ఆపరేషన్ తర్వాత డైటీషియన్ వచ్చి రోజుకి రెండున్నర మూడు లీటర్లు తాగాలి, గుడ్లు తినాలి, పాలు తాగాలి అంటే మా ఆవిడ నమ్మలేదు, ఇంకో పేషెంట్ కాగితం పొరపాటున మనకి చెబుతున్నారేమో అనుకుంది. కారణం తర్వాత తెలిసింది. ఏళ్ల తరబడి కిడ్నీ పనిచెయ్యనప్పుడు మెడలో ఉండే పారాథైరాయిడ్ గ్రంథులు అతిగా పనిచేయడం అలవాటు చేసుకుంటాయి. కొత్త కిడ్నీ వచ్చాక కూడా కొన్నాళ్లు ఆ హార్మోన్ ఎక్కువగానే ఉంటుంది, దాంతో కొత్త కిడ్నీ భాస్వరాన్ని మూత్రంలో పారబోస్తుంది. అందుకే నిన్నటిదాకా వద్దన్న పాలు ఇవాళ తాగమంటారు. ప్రోటీన్ కూడా అంతే. కుట్లు మానాలి, పైగా మార్పిడి తర్వాత ఇచ్చే స్టెరాయిడ్ మందు కండని కరిగిస్తుంది, కాబట్టి మొదటి వారాల్లో కిలో బరువుకి 1.2 నుంచి 1.5 గ్రాముల దాకా తినమన్నారు. అంటే 60 కిలోల మనిషికి రోజుకి 72 నుంచి 90 గ్రాములు. ఒక కోడిగుడ్డులో ఉండేది సుమారు 6 గ్రాములే, కాబట్టి పప్పు, చేపలు, పెరుగు అన్నీ కలిస్తేనే అక్కడికి చేరతాం. ఆ తర్వాత తగ్గించేస్తారు, ఎప్పటికీ అలాగే తింటూ పోకూడదు.

ఇక మందుల సంగతి. చాలామందికి ఇచ్చేవి మూడు: టాక్రోలిమస్, మైకోఫెనోలేట్, ప్రెడ్నిసోలోన్ (ఇందాక చెప్పిన స్టెరాయిడ్ ఇదే). మన ఒంట్లోకి వచ్చిన కిడ్నీని మన రక్షణ వ్యవస్థ పరాయిదనుకుని మీద పడకుండా ఆపేవి ఇవే. ఇందులో తిండితో ఎక్కువ పేచీ టాక్రోలిమస్‌కే. 1984లో జపాన్‌లో త్సుకుబా అనే చోట మట్టిలో దొరికిన ఒక బాక్టీరియా నుంచి ఇది వచ్చింది, మట్టిని నమ్ముకున్నవాణ్ణి కాబట్టి ఈ ముక్క చదివినప్పుడు నాకు ఎందుకో చాలా సంతోషం వేసింది. దీని మోతాదు రక్తంలో నానోగ్రాముల్లో చూస్తారు. మొదటి నెలల్లో నాకు మిల్లీలీటరుకి 8 నుంచి 12 మధ్య ఉంచారు, తర్వాత 5 నుంచి 8 చాలన్నారు, ఆస్పత్రిని బట్టి, మనిషిని బట్టి ఇది మారుతుంది. తగ్గితే రిజెక్షన్ భయం, అంటే ఒళ్లు కొత్త కిడ్నీని పరాయిదని తిప్పికొట్టడం. పెరిగితే చేతులు వణుకుతాయి, తలనొప్పి వస్తుంది, అన్నిటికంటే బాధ ఏంటంటే కిడ్నీని కాపాడాల్సిన మందే కిడ్నీని దెబ్బ తీస్తుంది. ఈ సన్నటి గీత మీద రోజూ నడవాలి, మనం పెట్టుకునే కంచం ఆ గీతని అటో ఇటో జరుపుతుంది.

పొద్దున్న ఎనిమిదికి, రాత్రి ఎనిమిదికి నా మాత్ర. తినడానికి గంట ముందు, లేదా తిన్న రెండు గంటల తర్వాత వేసుకోవాలి, ఎందుకంటే అన్నంతో కలిస్తే, ముఖ్యంగా నూనె, నెయ్యి ఎక్కువున్న భోజనంతో కలిస్తే మందు ఒంటికి పట్టేది తగ్గిపోతుంది. మన పక్క పెళ్లి భోజనాల సంగతి తెలిసిందే కదా, ఎనిమిదింటికే బంతి వేస్తారు. "రండి రండి, మొదటి బంతిలో కూర్చోండి" అని చెయ్యి పట్టుకు లాగుతారు. నేను మాత్ర వేసుకుని తొమ్మిది దాటాక కూర్చుంటాను, ఎవరైనా అడిగితే కారణం చెబుతాను, ఎవరూ ఏమీ అనుకోరు. ఇంకో సంగతి, రక్తపరీక్ష ఉన్న రోజు పొద్దున్న మాత్ర వేసుకోకుండా లాబ్‌కి వెళ్లాలి, రాత్రి మాత్ర వేసి పన్నెండు గంటలయ్యాక శాంపిల్ ఇవ్వాలి, మాత్ర జేబులో పెట్టుకెళ్లి శాంపిల్ ఇచ్చిన వెంటనే వేసుకోవాలి. మాత్ర వేసుకుని వెళ్తే లెవెల్ ఎక్కువ చూపించి, అవసరం లేకుండా డోసు తగ్గించే ప్రమాదం ఉంది.

ఇప్పుడు మన పెరటి చెట్టు. పంపరపనస.

వినాయక చవితి నాటికి ఇంటింటా పంపరపనసలు ఉంటాయి, పాలవెల్లికి కడతారు, చూడ్డానికి వచ్చినవాళ్లు సంచిలో నాలుగు వేసుకొస్తారు. మా మేనమావ తన తోటలోవి ఎర్ర తొనలవి ఏరి మరీ తెచ్చాడు, "సి విటమిన్ అబ్బాయ్, రక్తం పడుతుంది" అని. పంపరపనస, గ్రేప్‌ఫ్రూట్ (ద్రాక్ష కాదు, విదేశాల్లో తినే నిమ్మజాతి పండు) రెండూ దగ్గర చుట్టాలు. వాటిలో ఫ్యూరనోకౌమరిన్లు అనే పదార్థాలు ఉంటాయి. మన పేగు గోడలో, లివర్లో సీవైపీ3ఏ4 అనే ఎంజైమ్ ఉంటుంది, మింగిన టాక్రోలిమస్‌లో చాలా భాగాన్ని అది అక్కడే విరిచేసి కొంచెమే రక్తంలోకి వదులుతుంది, మన కాలవ మీద లాకు ఎన్ని నీళ్లు కిందికి వెళ్లాలో చూసుకున్నట్టు. డాక్టర్లు రాసే డోసు ఆ లాకు పనిచేస్తోందన్న లెక్క మీద రాసిందే. పంపరపనస తింటే పేగులోని ఆ ఎంజైమ్ పాడవుతుంది, అదే డోసు మింగినా రక్తంలోకి చాలా ఎక్కువ మందు వెళ్లిపోతుంది. కొత్త ఎంజైమ్ తయారై మామూలు స్థితికి రావడానికి ఒకటి నుంచి మూడు రోజులు పట్టొచ్చు. కాబట్టి "పొద్దున్న మాత్ర వేసుకుంటాను, మధ్యాహ్నం నాలుగు తొనలు తింటాను" అన్న లెక్క కుదరదు. పంపరపనస వల్ల టాక్రోలిమస్ పెరిగిన పేషెంట్ల గురించి వైద్య పత్రికల్లో రాశారు కూడా. నారింజకి కూడా ఇదే గుణం ఉంది, పచ్చళ్లు పెట్టే పుల్ల నారింజ. దబ్బకాయ కూడా మానెయ్యమని మా డైటీషియన్ చెప్పింది, కాబట్టి దబ్బకాయ పులిహోర మా ఇంట్లో నాకు లేదు. బత్తాయి, కమలా తినమంది, పులిహోరలో నిమ్మకాయ పిండుకోమంది. మావయ్య తెచ్చిన పళ్లు పిల్లలు తిన్నారు. ఆయనకి ఇదంతా చెబితే ముందు కొంచెం చిన్నబుచ్చుకున్నాడు గానీ, ఆ తర్వాత ఎవరింటికి వెళ్లినా "కిడ్నీ మార్చినవాళ్లకి పంపరపనస పెట్టకండ్రా" అని ఆయనే చెబుతున్నాడు.

రెండోది కొబ్బరి నీళ్లు. ఇది నాకు కష్టమైన సంగతి. దింపు రోజున చెట్టెక్కినవాళ్లు కాయలతో పాటు రెండు బోండాలు దింపి, కొట్టి చేతిలో పెడతారు, చిన్నప్పటి నుంచీ అదే అలవాటు. వంద మిల్లీలీటర్ల కొబ్బరి నీళ్లలో సుమారు 250 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది, అంటే ఒక మోస్తరు బోండాం తాగితే ఏడెనిమిది వందల దాకా వెళ్తుంది, ఒక అరటిపండుకి దాదాపు రెట్టింపు. మంచి కిడ్నీ ఉన్నవాళ్లకి అదేం లెక్క కాదు. మాకు మాత్రం టాక్రోలిమస్ వల్ల కిడ్నీ పొటాషియాన్ని బయటికి పంపడం తగ్గుతుంది. దానికి తోడు మొదటి నెలల్లో ఊపిరితిత్తుల్లో ఒక రకం ఫంగస్ రాకుండా సెప్ట్రాన్ మాత్ర ఇస్తారు, అది కూడా పొటాషియం పెంచుతుంది. రెండు మందులూ ఒకే వైపు తోస్తున్నప్పుడు మూడో తోపు బోండాం అవుతుంది. నాకు ఒక రిపోర్టులో 5.6 వచ్చింది, ఉండాల్సింది 3.5 నుంచి 5 మధ్య. పొటాషియం ఎక్కువైతే ఒంటికి ఏ సూచనా తెలియకుండానే గుండె లయ తప్పే ప్రమాదం ఉంది, అందుకని కొబ్బరి నీళ్లు, అరటిపండు, ఎండు ఖర్జూరం అన్నీ ఆపేశారు. రావులపాలెం మార్కెట్ మీదుగా వెళ్తూ గెలలు చూడ్డమే. సెప్ట్రాన్ ఆపాక, టాక్రోలిమస్ డోసు తగ్గాక పొటాషియం దిగింది, అప్పుడు అరటిపండు ఒకటి, అప్పుడప్పుడు అర గ్లాసు నీళ్లు తాగొచ్చన్నారు. అంటే కొబ్బరి నీళ్లు జన్మంతా నిషేధం కాదు, ఆ వారం రిపోర్టు ఏం చెబుతోందో దాన్ని బట్టి. ఎవరో తాగారు, ఏమీ కాలేదు అని మీరు తాగొద్దు, ఎవరికో ఆపేశారని మీరు భయపడి మానెయ్యొద్దు. ఒక్కటి మాత్రం అందరికీ చెబుతాను, బీపీకి మంచిదని అమ్మే తక్కువ సోడియం ఉప్పు కొనకండి. అందులో సోడియం బదులు కలిపేది పొటాషియం క్లోరైడే. మామూలు ఉప్పే తక్కువ వేసుకోండి, ఆవకాయ, ఎండు చేప తగ్గించండి.

నాకు బాగా టెన్షన్ పెట్టిన రోజులు 2022 జూలై వరదలప్పటివి. ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక దాటిపోయింది, పక్కన లంకలు మునిగిపోయాయి, మా కుళాయి నీళ్లు రంగు మారాయి. కాచి వడబోసుకునే తాగుతున్నా నాకు విరేచనాలు పట్టుకున్నాయి. అమ్మ కంగారు పడిపోయి "బోండాం నీళ్లు తాగు నాయనా, కడుపు చల్లబడుతుంది" అంది, ఇంకోపక్క మా బావమరిది "మాత్రలన్నీ బయటికే పోతుంటాయి బావా, ఇంకోటి వేసుకో" అన్నాడు. వినడానికి రెండూ సబబుగానే ఉంటాయి. ఆస్పత్రి కోఆర్డినేటర్‌కి ఫోన్ చేస్తే ఆవిడ గట్టిగా చెప్పింది, "ఎక్‌స్ట్రా డోసు వెయ్యనే వద్దు. విరేచనాలైతే టాక్రో లెవెల్ తగ్గడం కాదండి, పెరుగుతుంది. రేపు పొద్దున్న మాత్రకి ముందు శాంపిల్ ఇచ్చి నాకు చెప్పండి." అమలాపురంలో శాంపిల్ ఇచ్చాను, అక్కడి నుంచి హైదరాబాద్ పంపారు. లెవెల్ మామూలుకంటే బాగా ఎక్కువే వచ్చింది. ఎందుకంటే పేగు లోపలి పొర దెబ్బతిన్నప్పుడు అందులో ఉండే ఆ ఎంజైమ్, మందుని మళ్లీ పేగులోకి తోసేసే ఇంకో ఏర్పాటు రెండూ బలహీనపడతాయి, మందు అడ్డు లేకుండా రక్తంలోకి వెళ్తుంది. డోసు తగ్గించారు, ఓఆర్‌ఎస్ ఎంత తాగాలో కొలిచి చెప్పారు, కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే క్రియాటినిన్ కూడా రక్తంలో కొంచెం పెరిగింది, ఒంట్లో నీరు తగ్గినందుకు. విరేచనాలు తగ్గాక మళ్లీ పరీక్ష చేసి పాత డోసుకి తెచ్చారు. మార్పిడి అయినవాళ్ల ఇంట్లో అందరికీ ఇది ముందే తెలిసుండాలి, ఎందుకంటే ఆ సమయంలో పేషెంటు నీరసంగా పడుకుని ఉంటాడు, నిర్ణయాలు చుట్టూ ఉన్నవాళ్లే తీసుకుంటారు.

మన వైపు ఇంకో ప్రమాదం తామర. గాలిలో తేమ, చెమట, గజ్జల్లో తామర రానివాళ్లు తక్కువ. మందుల షాపులో అడగ్గానే ఫ్లూకోనజోల్ గానీ ఇట్రాకోనజోల్ గానీ ఇచ్చేస్తారు. అవి కూడా ఆ ఎంజైమ్‌ని అణిచేవే, పంపరపనస కంటే ఇంకా గట్టిగా. పంటి నొప్పికో గొంతు నొప్పికో రాసే క్లారిత్రోమైసిన్ కూడా అంతే, అజిత్రోమైసిన్‌తో ఈ గొడవ చాలా తక్కువ. టీబీకి వాడే రిఫాంపిసిన్ దీనికి ఎదురు, టాక్రోలిమస్‌ని బాగా పడగొట్టేస్తుంది. ఒళ్లు నొప్పులని ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్తే పొడిచే డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ కిడ్నీకి రక్తప్రసారాన్నే తగ్గిస్తుంది. నేను ఎక్కడికి వెళ్లినా కూర్చోకముందే చెప్పే మాట, "కిడ్నీ మార్పిడి అయిందండి, టాక్రోలిమస్ వాడుతున్నాను" అని. జ్వరానికీ నొప్పికీ పారాసిటమాల్ ఒక్కటే, అది కూడా ఫోన్ చేసి చెప్పాకే, ఎందుకంటే మాకు జ్వరం వస్తే అది ఇంట్లో తగ్గించుకునే జ్వరం కాదు.

స్టెరాయిడ్ సంగతి అనుభవించినవాళ్లకే తెలుస్తుంది. పొద్దున్న టిఫిన్ అయ్యాక ప్రెడ్నిసోలోన్ వేసుకుంటాం, పదకొండయ్యేసరికి ఆకలి మండిపోతుంది. రెండేళ్లు నోటికి రుచి తెలియని మనిషి ఇప్పుడు అన్నం అడిగి తింటున్నాడని ఇంట్లోవాళ్లకి ఆనందం, వద్దనలేరు. ఆత్రేయపురం పూతరేకులు, తాపేశ్వరం కాజా పట్టుకుని చుట్టాలు వస్తూ ఉంటారు. ప్రెడ్నిసోలోన్, టాక్రోలిమస్ రెండూ షుగర్ పెంచేవే, అంతకుముందు షుగర్ లేనివాళ్లకి కూడా మార్పిడి తర్వాత కొత్తగా రావడం మామూలు. నాకు పొద్దున్న పరగడుపున బాగానే ఉండేది, సాయంత్రం చూస్తే ఎక్కువ, స్టెరాయిడ్ పొద్దున్న వేసుకుంటే షుగర్ పెరిగేది మధ్యాహ్నం నుంచే కదా. అందుకని పరగడుపు పరీక్ష ఒక్కటే చూసి ఊరుకోవద్దని అడిగినవాళ్లకల్లా చెబుతాను. మా ఆవిడ కనిపెట్టిన మార్గం, ఆకలి వేసే వేళకి ఉడికిన గుడ్డు తెల్లసొన, మజ్జిగ, బాగా కడిగి వండిన కూర ఎక్కువ, అన్నం తక్కువ. ఎముకలు గుల్లబారకుండా కాల్షియం, డి విటమిన్ కూడా ఇచ్చారు.

మైకోఫెనోలేట్‌తో చూసుకోవాల్సింది, గ్యాస్ పట్టిందని పింక్ రంగు టానిక్ తాగేస్తూ ఉంటాం కదా, వాటిలో ఉండే మెగ్నీషియం, అల్యూమినియం ఆ మందుని ఒంటికి పట్టనివ్వవు. ఐరన్ మాత్ర కూడా దానికి దూరంగా వేసుకోమన్నారు. టాక్రోలిమస్ వల్ల రక్తంలో మెగ్నీషియం తగ్గి నాకు ఆ మాత్ర రాశారు, దాన్ని మిగతా మందులకి కనీసం రెండు గంటల ఎడంగా వేసుకుంటాను. ఇవన్నీ వేళ తప్పకుండా సర్దుకోవడం మొదట్లో గందరగోళమే, గోడ మీద కాగితం అంటించుకుంటే అలవాటైపోతుంది.

ఇంకా శుభ్రత. చద్దన్నం మానేశాను. రాత్రంతా బయట ఉన్న అన్నంలో పెరిగే క్రిములు మామూలు కడుపుకి ఏమీ చెయ్యకపోయినా మాకు చేస్తాయి. పులస పులుసు మర్నాడు తింటేనే రుచి అంటారు మన వాళ్లు, మా ఇంట్లో చల్లారగానే నా వాటా ఫ్రిజ్‌లో పెట్టి మర్నాడు కుతకుత ఉడికించి ఇస్తారు, రుచి ఏమీ పోలేదు. బండి మీద కోసి పెట్టిన పళ్లు, పానీపూరీ, మొలకెత్తిన గింజలు, కాచని పాలు వద్దు. అయినవిల్లి గుడికి వెళ్లినప్పుడు పచ్చిపాలతో చేసిన పంచామృతం చేతిలో పోస్తే కళ్లకద్దుకుని పక్కనున్న మా అబ్బాయి చేతిలో పోస్తాను. దేవుడికి నా సంగతి తెలుసు.

తిప్పతీగ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. కరోనా తర్వాత ప్రతి ఇంటి కంచె మీదా దాన్ని పాకించారు, ఇమ్యూనిటీ పెరుగుతుందని. మా ఒంట్లో ఇమ్యూనిటీని తగ్గించి ఉంచడానికే ఇన్ని మందులు మింగుతున్నాం. దాన్ని పెంచే కషాయం, చూర్ణం ఏదైనా కిడ్నీ మీదికి శత్రువుని పిలవడమే. పైగా తిప్పతీగ వాడి లివర్ దెబ్బతిన్న కేసులు మన దేశపు డాక్టర్లే ప్రచురించారు. కూరలో వేసే పసుపు, అల్లం, వెల్లుల్లి మామూలుగా తినండి, వాటిని గుళికలుగా, పొడులుగా మాత్రం వద్దు. ప్రేమతో తెచ్చినవాళ్లకి కోపం రాకుండా నేను చెప్పే మాట, "మా డాక్టర్ గారిని అడిగి వాడతానండి" అని. "ఆయ్, అలాగే చెయ్యండి" అని వాళ్లూ సంతోషిస్తారు.

చివరిగా, చాలామంది అడిగేది దాతల తిండి గురించి. అమ్మకి ఏ పథ్యమూ లేదు. ఉప్పు తగ్గించమన్నారు, నొప్పి మాత్రలు ఇష్టం వచ్చినట్టు వాడొద్దన్నారు, నీళ్లు బాగా తాగమన్నారు. ఏడాదికోసారి బీపీ, క్రియాటినిన్, మూత్రంలో ప్రోటీన్ చూపించాలి, ఇది చాలామంది ఇళ్లలో మర్చిపోతున్నారు. కిడ్నీ తీసుకున్నవాడి ఫైలు లావుగా ఉంటుంది, ఇచ్చినవాళ్లకి అసలు ఫైలే ఉండదు. మా ఇంట్లో నా పరీక్ష రోజునే అమ్మనీ కారెక్కించి అమలాపురం తీసుకెళ్తాను, ఇద్దరి శాంపిళ్లూ ఒకేసారి ఇస్తాం. మీరూ అలా పెట్టుకోండి.